ధర్మార్థపు షీల్డు: ఒక ఆట, రెండు క్రమశిక్షణలు

ఫుట్‌బాల్ ప్రపంచములో అత్యధిక జనాదరణ పొందిన ఆట యని వేరుగా చెప్పనవసరము లేదు. కాని ఆటను ఎంతో ఆసక్తితో చూచువారిలో సైతము దాని వెనుకనున్న ఏర్పాట్లను గూర్చి ఆలోచించువారు తక్కువ. ఏ కప్పు దేనికొరకు ఏర్పడినది? దానిలో ఆడుటకు ఎవరు అర్హులు? గెలిచినవారికి కలుగు ప్రయోజనమేమి? టిక్కెట్లవలన వచ్చిన సొమ్ము ఎక్కడికి పోవుచున్నది? ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకినప్పుడు ఆటతోబాటు ఆ ఆటను నడుపు సమాజమును గూర్చి కూడ మనకు కొంత తెలియగలదు. ఇంగ్లండు దేశములో ఏటేటా జరుగు ఒక పోటీని ఉదాహరణగా తీసికొని ఈ విషయమును మా విద్యార్థి మిత్రులకు వివరింపదలచినాము. ఆ పోటీ పేరు మొదట ఛారిటీ షీల్డు. నేడు కమ్యూనిటీ షీల్డు. ఆ పేరు మారుటకు గల కారణములోనే మేము చెప్పదలచిన విషయము ఇమిడియున్నది.

లీగు, కప్పు, వానిపై మరియొక కప్పు

ముందుగా లీగునకు, కప్పునకు గల భేదమును తెలిసికొందము. లీగు అనగా ఒక శ్రేణిలోని క్లబ్బులన్నియు ఒకదానితో నొకటి, సొంత మైదానములో ఒకసారి, ఎదుటివారి మైదానములో ఒకసారి, ఏడాది పొడుగునా ఆడు పోటీ. గెలుపునకు కొన్ని పాయింట్లు, సమముగా ముగిసిన ఆటకు కొన్ని పాయింట్లు లభించును. చివరకు అందరికంటె ఎక్కువ పాయింట్లు గలవారు విజేతలు. ఒకనాటి ఓటమిని మరునాటి గెలుపుతో సరిదిద్దుకొనవచ్చును. కావున లీగు ఓర్పునకు, నిలకడకు పరీక్ష.

కప్పు పోటీ అట్టిది కాదు. అందులో ఓడినవారు ఆనాటితోనే తొలగిపోవుదురు. పెద్ద క్లబ్బు అయినను చిన్న క్లబ్బు అయినను ఆ ఒక్కదినమున ఎవరు బాగుగా ఆడిన వారిదే విజయము. కావున కప్పు తెగువకు పరీక్ష. ఇంగ్లండులోని ఎఫ్.ఏ. కప్పు 1871లో ప్రారంభమైనది. ఇట్టి జాతీయ పోటీలలో అదియే అత్యంత ప్రాచీనమైనది.

ఇక ఏడాది ముగియునప్పటికి దేశములో ఇద్దరు విజేతలు ఉందురు. లీగు గెలిచినవారు ఒకరు, కప్పు గెలిచినవారు మరియొకరు. వీరిద్దరిలో ఎవరు ఘనులను కుతూహలము ప్రజలకు సహజముగానే కలుగును. ఆ కుతూహలమును తీర్చుటకై కొత్త సంవత్సరపు పోటీలు మొదలగుటకు ముందు ఈ రెండు క్లబ్బుల నడుమ ఒకే ఒక ఆటను ఏర్పాటు చేయుదురు. దానినే పలు దేశములలో సూపర్ కప్ అని పిలుచుచున్నారు. జర్మనీలో 1987లోను, ఇటలీలో 1988 సంవత్సరపు విజేతల కొరకును, స్పెయినులో 1982లోను ఇట్టి కప్పులు ఏర్పడినవి. ఇంగ్లండులో మాత్రము ఇది వానికంటె ఎంతో పూర్వమే, వేరొక ఉద్దేశముతో మొదలైనది.

దానము కొరకు పుట్టిన పోటీ

1898లో లండన్ నగర షెరీఫ్ పదవిలోనున్న థామస్ డ్యూవర్ ఆరడుగుల యెత్తుగల ఒక పెద్ద షీల్డును బహూకరించెను. జీతము తీసికొని ఆడు వృత్తి క్రీడాకారుల జట్టునకును, ప్రతిఫలము లేక సరదాకై ఆడు ఔత్సాహికుల జట్టునకును ఏటేటా ఒక ఆట జరుగవలెననియు, దానివలన వచ్చు ధనము ఆసుపత్రులు మొదలగు ధర్మకార్యములకు చెందవలెననియు ఆయన సంకల్పము. మొదటి పోటీ షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్బునకును, కొరింథియన్స్ అను ప్రఖ్యాత ఔత్సాహిక జట్టునకును జరిగినది.

కొన్ని సంవత్సరములకు వృత్తి క్రీడాకారులకు, ఔత్సాహికులకు నడుమ భేదాభిప్రాయములు ముదిరినవి. 1907లో ఔత్సాహికులలో పలువురు వేరుపడి తమకొక ప్రత్యేక సంఘమును స్థాపించుకొనిరి. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1908లో, దేశపు ఫుట్‌బాల్ అసోసియేషన్ తన పక్షమున ఒక కొత్త ధర్మార్థపు షీల్డును ఏర్పరచెను. మొదటి పోటీలో ఫుట్‌బాల్ లీగు విజేతయైన మాంచెస్టర్ యునైటెడ్, సదరన్ లీగు విజేతయైన క్వీన్స్ పార్క్ రేంజర్స్ తలపడినవి. ఏప్రిల్ నెలలో ఆట 1-1గా సమముగా ముగియగా, ఆగస్టు నెలలో మరల ఆడించిరి. రెండవ పర్యాయము మాంచెస్టర్ యునైటెడ్ 4-0తో గెలిచెను.

ఆ షీల్డు కొరకు ఎవరు ఆడవలెనను విషయములో చాలకాలము స్థిరమైన నియమము లేదు. కొన్నియేండ్లు వృత్తి క్రీడాకారులకు, ఔత్సాహికులకు పోటీ జరిగినది. లీగు విజేతకు, కప్పు విజేతకు పోటీ పెట్టుట 1921లో మొదలైనది. ఆ ఏట టోటెన్‌హామ్ 2-0తో బర్న్‌లీని ఓడించెను. 1930 నుండి అదియే సామాన్యమైన పద్ధతి యయ్యెను. దానికి కూడ మినహాయింపులు లేకపోలేదు. 1950లో రెండు క్లబ్బులకు బదులు ఆ ఏడు ప్రపంచ కప్పునకు వెళ్లివచ్చిన ఇంగ్లండు జట్టు, కెనడాలో పర్యటించి వచ్చిన మరియొక జట్టు ఆడినవి.

రూపము ఎన్నిసార్లు మారినను ఉద్దేశము మాత్రము ఒక్కటిగానే నిలిచినది. ఆటవలన వచ్చిన సొమ్ము దానమునకు పోవలెను. 1912 ఏప్రిల్ నెలలో టైటానిక్ అను మహానౌక అట్లాంటిక్ సముద్రములో మునిగి పదిహేనువందల మంది ప్రాణములు కోల్పోయిన విషయము పాఠకులకు తెలిసినదే. మూడు వారములు గడువకమునుపే బ్లాక్‌బర్న్ రోవర్స్, క్వీన్స్ పార్క్ రేంజర్స్ జట్లు ఆ ఏటి షీల్డు కొరకు ఆడినవి. ఆ ఆట రాబడిని ఓడ ప్రమాద బాధితుల సహాయనిధికి ఇచ్చిరి. పేరునకు తగిన పని యనగా ఇదియే.

గెలుపును పంచుకొనిన కాలము

ఈ పోటీలో మరియొక విశేషము గలదు. 1949 నుండి 1991 వరకు, ఒక్క 1974వ సంవత్సరము తప్ప, ఆట సమముగా ముగిసినప్పుడు ఇరువురను విజేతలుగానే పరిగణించిరి. షీల్డు ఒక క్లబ్బు వద్ద ఆరు నెలలు, మరియొక క్లబ్బు వద్ద ఆరు నెలలు ఉండెడిది. 1967లో మాంచెస్టర్ యునైటెడ్, టోటెన్‌హామ్ జట్లు 3-3తో నిలిచి షీల్డును పంచుకొన్నవి. ఆనాడు టోటెన్‌హామ్ గోల్ కీపరు పాట్ జెన్నింగ్స్ తన గోలు దగ్గరనుండి తన్నిన బంతి మైదానమంతయు దాటి, ఒకసారి నేలను తాకి యెగిరి, ఎదుటి గోల్ కీపరు తలమీదుగా గోలులో పడెను. 1991లో లండన్ నగరపు క్లబ్బులైన ఆర్సెనల్, టోటెన్‌హామ్ ఒక్క గోలైనను చేయక షీల్డును పంచుకొన్నవి. ఆ తరువాత పంచుకొను పద్ధతి పోయి, సమమైనచో పెనాల్టీ కిక్కులతో నిర్ణయించు పద్ధతి 1993 నుండి అమలులోనికి వచ్చినది.

ఓటమి గెలుపులను తేల్చకుండ విడిచిపెట్టిన ఆటలో రుచి యేమున్నదని కొందరు అడుగవచ్చును. దానము కొరకు ఆడిన ఆటలో ఇద్దరును గెలిచినట్లే యను భావము ఆ పద్ధతిలో ఉన్నదని మాకు తోచుచున్నది. అయితే ఆ భావమునకు తీవ్రమైన పరీక్ష వచ్చిన దినమొకటి కలదు.

1974 ఆగస్టు 10

1974 నాటికి షీల్డు పోటీకి ప్రాముఖ్యము కొంత తగ్గియుండెను. 1972లోను 1973లోను లీగు విజేతగాని, కప్పు విజేతగాని ఆడుటకు రాలేదు. ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి టెడ్ క్రోకర్ దీనిని సరిదిద్దవలెనని, ఏటేటా సంవత్సరారంభమున లండన్‌లోని వెంబ్లీ మహామైదానమున లీగు, కప్పు విజేతలే ఆడునట్లు ఏర్పాటు చేసెను. ఆ విధముగా వెంబ్లీలో జరిగిన మొదటి షీల్డు పోటీ 1974 ఆగస్టు 10న జరిగినది. 67 వేలమంది ప్రేక్షకులు వచ్చిరి. టెలివిజన్ ద్వారా దేశమంతటికి చూపిన మొదటి షీల్డు పోటీ కూడ అదియే.

ఒకవైపు లీగు విజేత లీడ్స్ యునైటెడ్. ఆ క్లబ్బు అంతకు ముందు లీగు సంవత్సరములో మొదటి 29 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. మరియొకవైపు ఎఫ్.ఏ. కప్పు విజేత లివర్‌పూల్. ఫైనలులో న్యూకాసిల్ జట్టును 3-0తో ఓడించిన క్లబ్బు అది.

ఇరుపక్షములలోను గొప్ప మార్పులు జరుగుచున్న సమయమది. లివర్‌పూల్ క్లబ్బును రెండవ శ్రేణినుండి పైకి తెచ్చి దేశములో అగ్రస్థానమున నిలిపిన మేనేజరు బిల్ షాంక్లీ ఆ జూలై 12న పదవి విడుచుచున్నట్లు ప్రకటించెను. ఆయన స్థానమున బాబ్ పెయిస్లీ నియమింపబడెను. అయినను వెంబ్లీలో జట్టును మైదానములోనికి నడిపించు గౌరవము షాంక్లీకే దక్కినది. లీడ్స్ మేనేజరు డాన్ రెవీ జాతీయజట్టు బాధ్యతకై వెడలిపోగా, ఆయన స్థానమున బ్రయాన్ క్లఫ్ వచ్చి పదిదినములు మాత్రమే అయినది. క్లఫ్ పూర్వము లీడ్స్ జట్టు మోటుగా ఆడుచున్నదని బహిరంగముగా విమర్శించినవాడు. తాము విమర్శించినవారికే నాయకుడై వచ్చినవాని స్థితి యెట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఆట మొదటి నిమిషములనుండియే ఉభయపక్షములవారు బంతికంటె ఎదుటివారి కాళ్లనే ఎక్కువగా వెదకిరి. 19వ నిమిషమున ఫిల్ బోర్స్‌మా లివర్‌పూల్ పక్షమున గోలు చేసెను. లీడ్స్ ఆటగాడు జానీ గైల్స్, లివర్‌పూల్ ముందువరుస ఆటగాడు కెవిన్ కీగన్‌ను కొట్టగా రెఫరీ బాబ్ మాథ్యూసన్ గైల్స్ పేరును పుస్తకములో వ్రాసికొని విడిచిపెట్టెను. కొలది సేపటిలోనే కీగన్‌కు, లీడ్స్ కెప్టెన్ బిల్లీ బ్రెమ్నర్‌కు ఘర్షణ కలిగి, ఇద్దరును పిడికిళ్లు బిగించిరి. రెఫరీ ఇద్దరిని మైదానమునుండి వెడలగొట్టెను. వెంబ్లీలో బ్రిటిష్ ఆటగాండ్రను వెడలగొట్టుట అదియే ప్రథమము.

అంతటితో ముగిసినను బాగుండెడిది. కాని బయటికి పోవుచు ఆ ఇద్దరును కోపముతో తమ జెర్సీలను ఒంటినుండి విప్పి నేలపై విసిరివేసిరి. క్లబ్బు గుర్తుగల జెర్సీ ఆటగానికి ఒక గౌరవచిహ్నము. దానిని విసిరివేయుట ఎదుటివానిని కొట్టుటకంటెను హీనమైన పనిగా చూచినవారు భావించిరి. ఆ దృశ్యమును దేశమంతయు ఇంటింటను చూచినది. అదియు ధర్మార్థమని పేరు పెట్టిన ఆటలో.

పదిమంది చొప్పున మిగిలిన జట్లు ఆటను కొనసాగించినవి. 70వ నిమిషమున ట్రెవర్ చెర్రీ లీడ్స్ పక్షమున గోలు చేసి ఆటను 1-1గా సమము చేసెను. ఆనాడు షీల్డును పంచుకొనక పెనాల్టీ కిక్కులతో నిర్ణయించిరి. ఇరుపక్షములవారు మొదటి ఐదు కిక్కులను గోలులుగా మలచిరి. ఆరవ కిక్కునకు లీడ్స్ పక్షమున గోల్ కీపరు డేవిడ్ హార్వీ స్వయముగా ముందునకు వచ్చెను. ఆయన తన్నిన బంతి గోలు పై కమ్మిని తాకి తప్పిపోయెను. లివర్‌పూల్ ఆటగాడు ఇయాన్ కాలహన్ తన కిక్కును గోలు చేయగా, 6-5తో షీల్డు లివర్‌పూల్ వశమయ్యెను. షాంక్లీకి అది వీడ్కోలు బహుమానము. కాని మరునాడు జనులు చెప్పుకొనినది కాలహన్ గోలును గూర్చి కాదు, నేలబడిన రెండు జెర్సీలను గూర్చి.

శిక్ష, దాని ఫలితము

ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ విషయమును తేలికగా విడువలేదు. కీగన్, బ్రెమ్నర్ ఇద్దరికిని ఒక్కొక్కరికి 500 పౌండ్లు జరిమానా విధించి, కొట్లాడినందుకు కొంత, జెర్సీలు విసిరివేసినందుకు మరికొంత కలిపి సెప్టెంబరు నెలాఖరు వరకు ఆటనుండి నిషేధించిరి. ఇరువురును ప్రఖ్యాతులే. బ్రెమ్నర్ తన క్లబ్బునకును, స్కాట్లండు జాతీయజట్టునకును కెప్టెన్. కీగన్ అంతకు మూడు నెలలకు ముందు ఎఫ్.ఏ. కప్పు ఫైనలులో రెండు గోలులు చేసిన యువకుడు. పేరునుబట్టి శిక్ష తగ్గింపకుండుటయు, ఇద్దరికిని ఒకే కొలత వేయుటయు ఈ నిర్ణయములో మెచ్చదగిన విషయములు.

ఒక్కని కోపమునకు మూల్యము జట్టంతయు చెల్లింపవలసి వచ్చును. కెప్టెన్ లేని లీడ్స్ కొత్త సంవత్సరమును దుర్బలముగా మొదలిడెను. ఆటగాండ్రకు, మేనేజరునకు పొత్తు కుదురలేదు. సెప్టెంబరు 12న, పదవి చేపట్టిన 44 దినములకే, క్లఫ్ తొలగింపబడెను. దేశ విజేతగా అడుగుపెట్టిన క్లబ్బు ఆ ఏటి లీగులో తొమ్మిదవ స్థానమునకు దిగజారినది. దీనికంతకును ఆ ఒక్క కొట్లాటయే కారణమనుట సరికాదు. రెవీ వెడలిపోవుట, ముఖ్యులైన ఆటగాండ్రు వయసు మీరుట, క్లఫ్ పూర్వపు విమర్శలు ఇత్యాది కారణములు అనేకము గలవు. కాని కష్టకాలమున కెప్టెన్ మైదానము వెలుపల కూర్చుండవలసి వచ్చుట జట్టునకు తీరని లోటు.

ఒక తప్పుతో మనిషి చరిత్ర ముగిసిపోదని కూడ ఈ కథ తెలుపుచున్నది. కీగన్ తిరిగివచ్చి లివర్‌పూల్‌కు అనేక విజయములు చేకూర్చెను. పిదప జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బులో ఆడుచు 1978లోను 1979లోను యూరపులో ఉత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యెను. ఇంగ్లండు జట్టునకు నాయకత్వము వహించెను. బ్రెమ్నర్ తరువాతి కాలమున లీడ్స్ క్లబ్బునకే మేనేజరయ్యెను. 1997లో ఆయన మరణించిన పిమ్మట ఆ క్లబ్బు మైదానము వెలుపల ఆయన విగ్రహమును నిలిపిరి. శిక్షను అనుభవించి, ఆటకు మరల వినయముతో వచ్చినవానిని ప్రజలు క్షమింతురు.

పేరు మారుటకు కారణము

ఇంతవరకు మేము చెప్పినది మైదానములోని క్రమశిక్షణ. దానికి రెఫరీ ఉన్నాడు, ఈల ఉన్నది, వేలకొలది ప్రేక్షకుల కన్నులున్నవి. తప్పు జరిగిన మరుక్షణమే అందరికిని తెలియును. మైదానము వెలుపల మరియొక క్రమశిక్షణ గలదు. అది లెక్కల క్రమశిక్షణ. దానికి ఈల లేదు. అందుచేతనే అది మరింత కష్టమైనది.

ధర్మార్థము అను పేరుతో టిక్కెట్టు అమ్మినప్పుడు, కొనినవాడు రెండు వస్తువులకు ధర చెల్లించుచున్నాడు. ఒకటి ఆట చూచు అవకాశము. రెండవది ఎవరికో మేలు జరుగునను నమ్మకము. మొదటిది ఆ దినముననే అతనికి అందును. రెండవది అందినదో లేదో అతడు చూడజాలడు. నిర్వాహకుల మాటయే అతనికి ఆధారము.

ఇంగ్లండులో ధర్మసంస్థలను, వాని పేరిట జరుగు వసూళ్లను పర్యవేక్షించుటకు ఛారిటీ కమిషన్ అను అధికార సంస్థ కలదు. ఈ షీల్డు పోటీ టిక్కెట్ల ధనములో ఎంత భాగము ధర్మకార్యములకు చెందునో ఫుట్‌బాల్ అసోసియేషన్ స్పష్టముగా తెలుపలేదనియు, చేర్చవలసిన సొమ్మును చేర్చుటలో ఆలస్యము జరిగినదనియు, ఈ విషయములో చట్టము విధించిన బాధ్యతలు నెరవేరలేదనియు ఆ కమిషన్ నిర్ధారించెను. ఫలితముగా 2002లో ఛారిటీ షీల్డు అను పేరును తీసివేసి కమ్యూనిటీ షీల్డు అను పేరు పెట్టిరి. 94 సంవత్సరములు నిలిచిన పేరు మారిపోయెను. కొత్త పేరుతో జరిగిన మొదటి ఆటలో ఆర్సెనల్ 1-0తో లివర్‌పూల్‌ను ఓడించెను.

ఇక్కడ పాఠకులు గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. దానము అసలే జరుగలేదని కమిషన్ చెప్పలేదు. ఎంత, ఎవరికి, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకు ముందుగానే స్పష్టమైన సమాధానము చెప్పలేదనుటయే తప్పు. మంచి ఉద్దేశము ఉన్నంతమాత్రమున లెక్క చెప్పనక్కరలేదను భ్రమ చాల సంస్థలలో కలదు. నిజమునకు మంచి ఉద్దేశము పేర సొమ్ము తీసికొన్నవారే మరింత కచ్చితముగా లెక్క చెప్పవలసినవారు. ఇప్పటి ఏర్పాటు ప్రకారము ఆట రాబడిని ఎఫ్.ఏ. కప్పులో మొదటి రౌండు మొదలుకొని పాల్గొనిన 124 క్లబ్బులకు పంచుదురు. ఒక్కొక్క క్లబ్బు తన భాగమును తన ప్రాంతములోని సేవాకార్యములకు అందజేయును. మిగిలినది అసోసియేషన్ ఎంచుకొనిన ధర్మసంస్థలకు పోవును. ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవునో ఇందులో కనబడుచున్నది.

ఇతర దేశములలోని సూపర్ కప్పులకు ధర్మార్థమను పేరు లేదు. వానిలో వ్యాపారము ప్రధానమైపోయినది. ఇటలీ కప్పు 1993లో అమెరికాలోని వాషింగ్టన్‌లోను, 2002లో లిబియాలోని ట్రిపోలీలోను జరిగినది. స్పెయిను కప్పు 2020లో నాలుగు క్లబ్బుల పోటీగా మారి సౌదీ అరేబియాలోని జెడ్డా నగరములో జరిగినది. తమ ఊరి జట్టు ఆటను తమ దేశములో చూడలేక అభిమానులు బాధపడినను, క్లబ్బులకు రాబడి పెరిగినది. ఇది మంచిదా చెడ్డదా యను చర్చ ఆ దేశములలో సాగుచున్నది. మన దేశములో 2018లో మొదలైన సూపర్ కప్పు పేరునకు ఇట్టిదే యైనను స్వరూపమున వేరు; అది పలు క్లబ్బులు పాల్గొను నాకౌటు పోటీ. భువనేశ్వర్‌లో జరిగిన మొదటి ఫైనలులో బెంగళూరు క్లబ్బు 4-1తో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించెను.

మన కర్తవ్యము

సీమ దేశపు షీల్డుతో మనకేమి పని యని ఎవరైనను అడుగవచ్చును. ఫుట్‌బాల్ మనకు పరాయిది కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. ఒక ఉపాధ్యాయుని చేతిలో ఆట యెంత యెత్తునకు ఎదిగినదో మన ప్రాంతమే సాక్ష్యము. కావున ఆటను విద్యలో భాగముగా చూచుట మనకు కొత్త కాదు.

మన కళాశాలలలో కూడ పేద విద్యార్థుల ఫీజుల కొరకో, వరద బాధితుల కొరకో, గ్రంథాలయము కొరకో సహాయార్థపు పోటీలు, ప్రదర్శనలు ఏర్పాటు చేయుట పరిపాటి. రెండు తరగతుల జట్లు ఆడును, టిక్కెట్లు అమ్ముదురు, పట్టణములోని వర్తకులు చందాలిత్తురు. ఉద్దేశము ఉత్తమమే. కాని పైన చెప్పిన షీల్డు చరిత్రనుండి మనము రెండు నియమములు నేర్చుకొనవచ్చును.

మొదటిది విద్యార్థులకు. ఎవరి మేలు కొరకు ఆడుచున్నామో వారి గౌరవము మన ప్రవర్తనలో ఉండవలెను. ఫీజు కట్టలేని తోటి విద్యార్థి కొరకు ఆడు ఆటలో రెఫరీతో కలహించి, తరగతికి తరగతికి వైరము పెంచినచో, ఆ సహాయము పొందువాడు సిగ్గుతో తలవంచుకొనవలసి వచ్చును. సామాన్యమైన ఆటలో తప్పు తప్పే. ధర్మార్థపు ఆటలో అది రెట్టింపగును. కెప్టెనుగా ఎన్నికైన విద్యార్థి ఆటకు ముందు తన జట్టునకు ఈ మాట గుర్తుచేయుట మంచిది.

రెండవది నిర్వాహక సంఘమునకు. పోటీకి ముందే, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మంతయు ఇచ్చెదరో, టిక్కెట్టు ఒక్కింటికి ఇంత యని ఇచ్చెదరో, ఎవరికి ఇచ్చెదరో, ఏ తేదీలోగా ఇచ్చెదరో టిక్కెట్టుమీదనే అచ్చువేయించవలెను. పోటీ ముగిసిన పిమ్మట అమ్మిన టిక్కెట్ల సంఖ్య, చందాలు, బంతులకు, షామియానాకు, బహుమతులకు అయిన ఖర్చు, మిగిలిన మొత్తము ఒక కాగితముమీద వ్రాసి నోటీసు బోర్డుపై అంటింపవలెను. ఇది ఎవరినో అనుమానించుట కాదు. లెక్క తేటగా ఉన్నచోట నిర్వాహకులపై నింద పడదు. మరుసటి సంవత్సరము టిక్కెట్టు కొనువారు సంకోచింపరు. లెక్క చెప్పుట వలన నష్టపోయిన మంచి సంఘము ఏదియు లేదు.

ఉర్దూ భాషలో అమానత్ అను చక్కని పదమున్నది. నమ్మి అప్పగించినది, తిరిగి చేర్చవలసినది అని దాని భావము. తెలుగులో మనము న్యాసము అనియు, వాడుకలో అమానతు అనియు అందుము. రెండు భాషలు వినబడు ఈ కళాశాల ఆవరణలో ఆ మాటకు వివరణ అక్కరలేదు. మైదానములో ఆటగానికి అప్పగించిన జెర్సీ ఒక అమానతు. నిర్వాహకునికి అప్పగించిన టిక్కెట్టు సొమ్ము మరియొక అమానతు. మొదటిదానిని నేలపై విసరినవారిని 1974లో శిక్షించిరి. రెండవదానికి సరియైన లెక్క చెప్పనందుకు 2002లో పేరే మార్చుకొనవలసి వచ్చినది.

రాబోవు సంవత్సరమున మన కళాశాల సహాయార్థపు పోటీలు జరుగునప్పుడు ఆటగాండ్రు, నిర్వాహకులు ఈ రెంటిని మనసునందుంచుకొందురని ఆశించుచున్నాము. గోలులు ఎన్ని పడినవో ఆ సాయంత్రమే అందరికిని తెలియును. సొమ్ము ఎవరికి చేరినదో కూడ ఆ వారములోనే అందరికిని తెలియునట్లు చేయుదము.